ఒక్క నంబరు, ముప్పై ఎనిమిది ఇళ్ళు

మా వీధి వాళ్ళెవరికైనా మళ్ళీ ఇదే పనిమీద హైదరాబాద్ వెళ్ళాల్సొస్తే దారి తెలియాలని ఇది రాస్తున్నాను. నాకైతే ఎవరూ చెప్పలేదు. అందుకే పొద్దున ఐదున్నరకు సిరిసిల్లలో బస్సెక్కిన దాన్ని మధ్యాహ్నం దాకా దారి తప్పుతూనే ఉన్నాను.

ముందు ఎందుకు బయలుదేరానో చెప్పాలి. మా వీధిలో మరమగ్గాలు ఆగిపోయి చాలా నెలలైంది. మగవాళ్ళలో సగానికి పైగా పని వెతుక్కుంటూ భీవండి వెళ్ళిపోయారు, మా ఆయనతో సహా. నేను ఇంట్లో లంగాలు, జాకెట్లు కుడతాను. మొన్న ఎండాకాలంలో ఒక సేవా సంస్థ వాళ్ళు వచ్చి, ఇబ్బందిలో ఉన్న ఇళ్ళకు నెలనెలా బియ్యం, పప్పు, నూనె, పిల్లలకు పల్లీపట్టీ ఇస్తామన్నారు. ఎవరికి ఎంత అవసరమో కంప్యూటరే తేలుస్తుందట. దానికోసం ఇంటింటి వివరాలు ఫోన్లో నింపాలి. పదో తరగతి చదివానని ఆ పని నాకు అప్పగించారు.

ఫారంలో ఫోన్ నంబరు గడి పక్కన ఎర్ర గుర్తు ఉంది. అది నింపకపోతే తర్వాతి గడికి కదలదు. మా వీధిలో ఫోన్లు లేక కాదు, అవి మగవాళ్ళ జేబుల్లో భీవండిలో ఉన్నాయి. ఆ నంబర్లు ఇస్తే మెసేజ్ అక్కడ మోగుతుంది, ఇక్కడ బియ్యం బండి వచ్చి వెళ్ళిపోతుంది. నా ఫోన్ ఎట్లాగూ ఇంట్లోనే ఉంటుంది కదా అని అందరికీ నా నంబరే రాశాను. ముప్పై ఏడు ఇళ్ళు అయ్యాక, అందరివీ అయ్యాయి కదా అని చివర మా ఇల్లు రాసుకున్నాను. ఆ రోజు నా అంత తెలివైంది వీధిలో లేదనుకున్నాను.

బండి వచ్చింది. ఒక్క డబ్బా దించారు. దానిమీద నా పేరు. మిగతావి వెనక బండిలో వస్తాయేమో అనుకుని ఆ పూటే పప్పు వండుకున్నాను. బాగుంది కూడా. వెనక బండి రాలేదు. రెండో నెలా ఒక్కటే డబ్బా, అదీ నాకే. ఈసారి విప్పి గ్లాసెడు గ్లాసెడు పంచుదామని అరుగు మీద పెడితే ఒక్కరూ గిన్నె పట్టుకుని రాలేదు. ఎదురింటి లచ్చవ్వ, కొడుకు భీవండిలో ఉంటే ఇద్దరు మనవరాళ్ళను ఇక్కడ సాకుతున్న మనిషి, గుమ్మంలోంచే అడిగింది.

"మా అందరి పేర్లు రాసుకపోయినవ్. తిండి మాత్రం నీ ఒక్కదానికే అచ్చె. ఎట్లనే పద్మా?"

ఎట్లనో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. సిగ్గుతో చచ్చిపోయాను. డబ్బా మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పి చెప్పి చివరికి దానంతటదే పెట్టేసింది. నంబరు కిందే అమీర్‌పేట చిరునామా ఉంది. దాన్ని కాగితం మీద ఎక్కించుకున్నాను. పేర్లు రాసుకున్న నోటుబుక్కు సంచిలో వేసుకుని మర్నాడే బయలుదేరాను.

సిరిసిల్ల నుంచి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్. సిద్దిపేటలో ఆరూ ముప్పావుకు టీ తాగడానికి ఆపారు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా జూబ్లీ బస్టాండులో దిగాను. అక్కడి నుంచి పైవంతెన మీద నడిస్తే పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషను. మెట్రోలో జీరో టికెట్ లేదు, ఆ సంగతి కౌంటర్లో వాదించి తెలుసుకున్నాను. తొమ్మిదిన్నరకు అమీర్‌పేట.

మెట్లు దిగి రోడ్డు మీద నిలబడితే ఎటు చూడాలో తెలియలేదు. కింది అంతస్తు నుంచి పైదాకా బోర్డులే. ఒక్కో కిటికీకి ఒక్కో కోర్సు. పది అడుగులు నడిచేలోపు చేతిలో నాలుగు కాగితాలు పెట్టారు. మా పేర్లు కంప్యూటర్లో ఎక్కించే డేటా ఆఫీసు ఎక్కడుందన్నా అని ఒకతన్ని అడిగితే అతను నన్ను కిందా మీదా చూసి, "డేటా కోర్సుకు ఏజ్ ఫికర్ లేదక్కా, ఫ్రీ డెమో నడుస్తుంది, నాలుగో ఫ్లోర్" అన్నాడు. నా చిరునామాలోనూ నాలుగో అంతస్తే. బిల్డింగు పేరూ కలిసింది. ఇంకేం కావాలి, లిఫ్టు ఎక్కేశాను.

పైన చల్లటి గదిలో పాతికమంది ఆడపిల్లలూ మగపిల్లలూ కూర్చుని ఉన్నారు. ముందు తెరమీద పెద్ద పట్టిక. పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు. మా జాబితానే చూస్తున్నారు కాబోలు, సరైన చోటికే వచ్చానని ప్రాణం కుదుటపడి వెనక బెంచీలో కూర్చున్నాను. అరగంటసేపు అందులో లచ్చవ్వ పేరు వెతికాను. పక్కనున్న అమ్మాయి ఏ బ్యాచ్ ఆంటీ అని గుసగుసగా అడిగింది. సిరిసిల్ల అన్నాను. ఆ పిల్ల బెంచీలో కాస్త అవతలికి జరిగింది.

సారు కళ్ళద్దాలు సర్దుకుని తెరమీద రెండు వరసలు చూపించాడు. ఒకే ఫోన్ నంబరు రెండుసార్లు ఉంటే మనిషి ఒకడేనని, పొరపాటున రెండుసార్లు ఎక్కిందని, ఒకటి ఉంచి మిగతావి తీసేయాలని చెప్పాడు. ఒక్కటే నొక్కు నొక్కాడు. తెరమీది పేర్లు సగం మాయమయ్యాయి. ఎందుకు లేచానో తెలియదు, లేచి నిలబడ్డాను.

"సార్, వాళ్ళు ఎటు పోయిండ్రు?"

క్లాసంతా నవ్వింది. "ఎటూ పోరు మేడమ్. డిలీట్ అయిపోతారు," అన్నాడు సారు.

"మరి ఉంచిన ఒక్కరు ఎవరు సార్?"

"మొదటివాళ్ళను ఉంచమంటే మొదటివాళ్ళు. చివరివాళ్ళను అంటే చివరివాళ్ళు. మనం ఎలా చెబితే అలా."

చివర రాసుకుంది నేనే. కూర్చుండిపోయాను. క్లాసయ్యాక సారు దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. మంచివాడు, విన్నాడు. ఆ సంస్థ ఖాళీ చేసిన గదుల్లోనే వీళ్ళ క్లాసులు పెట్టారట. డబ్బాల మీద పాత చిరునామా మార్చకపోవడంతో వాళ్ళ ఉత్తరాలు ఇప్పటికీ ఇక్కడికే వస్తున్నాయట. కొత్త ఆఫీసు పంజాగుట్టలో. చిరునామా రాసిచ్చి ఒక్క మాట చెప్పాడు: తీసేసిన పేర్లు జాబితాలో కనబడవు గానీ మీరు పంపిన మొదటి ఫైలు ఎక్కడో ఉంటుంది, అదే అడగండి, ఇంకేం అడగొద్దు.

పంజాగుట్ట అమీర్‌పేట పక్క స్టేషనే. నడిచి వెళ్ళినా పోయేది. నేను మెట్రో ఎక్కాను. మొదటి ఫైలు, మొదటి ఫైలు అని మనసులో అనుకుంటూ వచ్చిన రైలెక్కితే అది మియాపూర్ వైపుది. తలుపు పైన పేర్లు చూసుకునేసరికి పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డ వచ్చింది. నా బుద్ధికి సరైన చోటికే తెచ్చింది అనుకుని, ఆ గందరగోళంలోనూ నాలో నేనే నవ్వుకున్నాను. మీరు మాత్రం ఎల్బీనగర్ అని రాసున్న వైపు ఎక్కండి. తప్పితే బయటికి వెళ్ళకండి, గేటు లోపలే మెట్లు దిగి అవతలి ప్లాట్‌ఫారం ఎక్కొచ్చు.

పంజాగుట్టలో ఆఫీసు దొరికేసరికి పన్నెండున్నర. కింద నగల దుకాణం, మూడో అంతస్తులో వీళ్ళు. ఎవరికోసం వచ్చారని అడిగారు. మొదటి ఫైలు కోసం అన్నాను. నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గంటసేపు కూర్చున్నాక మాధురి అనే అమ్మాయి వచ్చింది. జాబితాలు చూసేది ఆమేనట. రాజమండ్రి వైపు మాట. ఏంటండీ, ఏమైందండీ అంటూ పక్కనే కుర్చీ వేసింది. నేను తెచ్చుకున్న పులిహోర ఇద్దరం తిన్నాం.

ఆమె ఏవేవో తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చివరికి పట్టుకుంది. తెరమీద మా వీధి. ముప్పై ఏడు వరసలు ఎర్రగా, అట్టడుగున ఒక్కటి పచ్చగా. పేర్లన్నీ అక్కడే ఉన్నాయి, ఎవరూ ఎటూ పోలేదు. ఏడుపొచ్చింది. నోటుబుక్కు తీసి ఒక్కొక్క పేరు చదివాను, ఎవరింట్లో ఎందరు, ఎవరి మగ్గం ఎప్పుడాగింది చెప్పాను. ఫోన్ నంబరు బదులు ఫారంలో నింపిన రేషన్ కార్డు నంబరుతో గుర్తుపట్టేలా ఆమె మార్చింది. నా నంబరు మెసేజ్‌లకు మాత్రం ఉంటుంది.

అంతా అయిందనుకున్నాను. మాధురి కుర్చీ వెనక్కి జరిపి ఇంకో కాగితం తీసింది. ఇవన్నీ వేరువేరు కుటుంబాలేనని ఎవరో ఒకరు పూచీ పడాలట. నేను పడతానన్నాను. కానీ పూచీ పడేవాళ్ళకు సాయం అందుతూ ఉండకూడదు, అది వాళ్ళ నియమం. పై అధికారి ఊరికొచ్చి చూసి సంతకం పెట్టొచ్చు, కానీ అది వచ్చే నెల మాట. ఈ నెల జాబితా నాలుగింటికి మూసేస్తారు. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

నేనేం గొప్పగా ఆలోచించలేదు. కోపమొచ్చింది. అందరి ఇళ్ళూ తిరిగి రాసింది నేను, తిట్లు పడింది నేను, మళ్ళీ పోగొట్టుకోవాల్సింది కూడా నేనేనా? మా ఆయన పంపేది అక్కడి గది అద్దెకు పోగా ఎంత మిగులుతుందో నాకే తెలుసు. మూడూ ముప్పై ఐదు దాకా అట్లాగే కూర్చున్నాను. అప్పుడు ఆ మొదటి నెల వండుకున్న పప్పు గుర్తొచ్చింది. ఆ వాసన లచ్చవ్వ ఇంటిదాకా పోయే ఉంటుంది.

"నా పేరు తీసెయ్ బిడ్డా," అన్నాను.

"ఆలోచించుకోండి పద్మగారూ. మళ్ళీ చేర్చాలంటే కొత్త సర్వే దాకా ఆగాలి."

"తీసెయ్. మళ్ళ జెప్ప."

సంతకం పెట్టాను. ఆమె ఒక్క నొక్కు నొక్కింది. పొద్దున క్లాసులో చూసినట్టే పచ్చ వరస మాయమైంది. చూస్తుండగానే పోయింది.

తిరుగు ప్రయాణంలో తప్పలేదు. ఐదింటికి జూబ్లీలో సిద్దిపేట మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. పక్కన సిద్దిపేటలో దిగాల్సిన ఒక పెద్దావిడ, ఒళ్ళో ఎర్రగడ్డ రైతుబజారులో కొన్న చింతచిగురు సంచి. ప్రజ్ఞాపూర్ దాటుతుండగా నా ఫోన్ మోగింది. తర్వాత ఆగకుండా మోగుతూనే ఉంది. లచ్చవ్వ గారికి, మీ కుటుంబం నమోదైంది. నర్సయ్య గారికి, మీ కుటుంబం నమోదైంది. "గన్ని మెసేజ్‌లు ఎవలియి బిడ్డా?" అని పెద్దావిడ అడిగితే కథంతా చెప్పాను.

మోత ఆగాక లెక్కపెట్టాను. ముప్పై ఏడు. మళ్ళీ పెట్టాను, ముప్పై ఏడే. ముప్పై ఎనిమిది ఇళ్ళు కదా, ఎవరి పేరు మళ్ళీ పోయింది? ఈసారి ఆ ఇంటికి ఏమని చెప్పుకోను? బస్సు దిగి వెనక్కి పోదామా అనిపించింది. వీధి మొదటి నుంచి మనసులో నడుచుకుంటూ వెళ్ళాను. కుడివైపు ఇళ్ళన్నీ వచ్చాయి. ఎడమవైపూ అన్నీ వచ్చాయి. బోరింగు దగ్గరి రెండిళ్ళూ వచ్చాయి. ఏ గుమ్మమూ తగ్గలేదు, లెక్క మాత్రం ఒకటి తగ్గుతోంది. నా అయోమయం చూసి పెద్దావిడ కూడా వేళ్ళు మడిచింది, నేను పేర్లు చదువుతుంటే.

చివరి వేలు మడిచి ఆగింది.

"అందరియి జెప్పినవ్. నీ ఇల్లేదే?"

నోటుబుక్కు ఆఖరి పేజీ తిప్పాను. అట్టడుగున నా చేతిరాతతోనే నా పేరు ఉంది. అంతకు రెండు మూడు గంటల ముందే నా నోటితో తీయించిన పేరు. నవ్వొచ్చింది, దానితోపాటే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పెద్దావిడ సంచిలోంచి రెండు పిడికిళ్ళ చింతచిగురు తీసి నా కొంగులో పోసింది.

హైదరాబాద్ గురించి నాకేం అర్థమైందని అడిగితే చెప్పలేను. ఒక్క నొక్కుతో పోయిన ముప్పై ఏడు ఇళ్ళు ఒక్క నొక్కుతోనే తిరిగొచ్చాయి, ఒకటి పోయింది. నేను చేసింది తెలివైన పనో తెలివితక్కువ పనో ఇప్పటికీ తేల్చుకోలేదు. సిద్దిపేటలో ఆవిడ దిగిపోయాక కిటికీ పక్కకు జరిగి, ఆ మెసేజ్‌లు ఏ ఇంటి నుంచి చెప్పడం మొదలుపెట్టాలా అని ఆలోచించాను. ఫోన్ ఒకటే కాబట్టి ముప్పై ఏడు గుమ్మాలూ నేనే ఎక్కాలి. ముందు లచ్చవ్వ గుమ్మం. చింతచిగురు కూడా అక్కడే ఇచ్చేస్తాను, బండి రాగానే ఆవిడ దగ్గర పప్పు ఉంటుంది ఇక.