చేపల నీళ్ళు పోసిన గులాబి

మా అమ్మ తాడేపల్లిగూడెంలో పెంచింది నాటు గులాబి. పువ్వు పెద్దదేమీ కాదు. లేత రంగు, వదులు రేకులు, మధ్యాహ్నం ఎండకి రాలిపోయేవి. వాసన మాత్రం గుమ్మం దాటి లోపలికి వచ్చేది. ఆదివారం తెల్లవారగానే అమ్మ వాటిని కోసి, తడిగుడ్డలో చుట్టి చర్చికి తెచ్చేది. పక్కన కూర్చున్న నాకు ప్రసంగం ఎప్పుడూ గుర్తుండేది కాదు, ఆ వాసన గుర్తుండేది.

పెళ్ళయి ఏలూరు వస్తున్నప్పుడు ఒక కొమ్మ కోసి ఇచ్చింది.

"పైకొసకి పేడముద్ద పెట్టు, ఎండిపోదు. వేరొచ్చిందా లేదా అని పీకి చూడకు. నీ సంగతి నాకు తెలుసు."

నేను పీకి చూశాను. అయినా అది బతికింది.

పాప నా కడుపులో ఉండగా అమ్మ పోయింది. తాడేపల్లిగూడెంలో అమ్మ ఉన్నది అద్దె ఇల్లు. తర్వాత వచ్చినవాళ్ళు పెరడంతా సిమెంటు చేయించారు. ఇక ఆ గులాబి మా మెట్ల పక్కన తొట్టిలో తప్ప ఎక్కడా లేదు. పాపకి అమ్మమ్మ ఫొటో చూపించగలను, ఫోనులో ఉన్న గొంతు వినిపించగలను. ఆ వాసన ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. అందుకే ఆ మొక్కను పాపతో సమానంగా కనిపెట్టుకుని ఉండేదాన్ని. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడటం, బయటికి వచ్చి చిగుళ్ళు చూడటం, నాకు రెండూ ఒకే పని.

ఈ వేసవిలో దాని ఆకుల అంచులు కాలినట్టు అయిపోయాయి. ముందు అంచులు, తర్వాత ఆకులు, తర్వాత కొమ్మల కొసలు. ఎండ అనుకుని తొట్టి నీడకి జరిపాం. పురుగేమో అని ఆకుల అడుగున వెతికాను. ఏమీ లేదు. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి నవ్వారు.

"ఏంటమ్మా, పుల్లకి రోజూ స్నానం చేయిస్తున్నావు? పౌడర్ కూడా రాస్తావేంటి?"

నాకు నవ్వు రాలేదు.

మా ఆయన కొల్లేటి వైపు చేపల చెరువుల మీద మోటార్లు బాగుచేసే పని చేస్తారు. ఈ వేసవంతా ఎవరో ఒకరు కొరమీను ఇచ్చి పంపుతూనే ఉన్నారు. బకెట్లో చారెడు నీళ్ళలో, గంటల తర్వాత కూడా అవి నోళ్ళు తెరుస్తూ కదిలేవి. పాప ఒళ్ళో ఉండి వాటినే చూసేది. ఒకరోజు అత్తయ్యగారు పెరట్లో పీట వేసుకుని కొరమీను కడుగుతున్నారు. కడగడం అయ్యాక గిన్నె ఎత్తుకుని మామూలుగానే గులాబి దగ్గరికి నడిచారు. మా వైపు ఏ ఇంట్లో అయినా చేపలు కడిగిన నీళ్ళు గులాబీకే. పారబోస్తే పాపం అన్నట్టు చూస్తారు. ఆవిడ తొట్టి మీదికి వంగి ఆగిపోయారు. మట్టి మీద పలచగా, తెల్లగా పొర కట్టి ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇది ఉప్పు."

నేను దగ్గరికి వెళ్ళాను.

"బొచ్చెలూ శీలావతులూ అయితే బజార్లోనే పొలుసు తీసేసి ఇస్తారు, ఇంట్లో వట్టి నీళ్ళతో కడుగుతాను. ఈ కొరమీనుకి జిగురు కదా. కల్లుప్పు వేసి రుద్దందే వదలదు. ఆ నీళ్ళే పోస్తున్నాను, తల్లీ. బలమని పోస్తున్నాను."

ఆవిడ గిన్నె పక్కకి పెట్టేశారు. నాకు కోపం రావాలి, రాలేదు. డిగ్రీలో బంగాళాదుంపను తొలిచి, ఉప్పు నీటిని ఎలా లాగేస్తుందో చూపే ఆస్మాసిస్ ప్రయోగం చేసి, బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ గిన్నె రోజూ నా ముందు నుంచే వెళ్ళింది.

"మీ అమ్మగారి మొక్క కదమ్మా," అన్నారు మెల్లగా.

మా బోరు నీళ్ళు కూడా ఉప్పే. పొద్దున్న కుళాయి వచ్చినప్పుడు మంచినీళ్ళు పట్టి, ముందు ఆ తొట్టికే పోయడం మొదలుపెట్టాం. అడుగున కన్నం పూడుకుపోతే మా ఆయన ఇనపచువ్వతో పొడిచారు. నీళ్ళు టీ రంగులో కారాయి. అవి తేటపడేదాకా రోజూ అంతే. అత్తయ్యగారు తన స్నానానికి బోరు నీళ్ళే పోసుకునేవారు, తల అట్టలు కడుతున్నా.

"గోటితో గీరి చూడు, పచ్చగా ఉంటే బతికున్నట్టే," అన్నారు మా ఆయన. నాకు చెయ్యి రాలేదు. గీరకపోతే ఇంకా ఆశ ఉంటుంది. చివరికి అత్తయ్యగారే కత్తెర పట్టుకుని కూర్చున్నారు. కొస కత్తిరించారు, లోపల గోధుమ రంగు. కిందికి జరిగారు, అదే రంగు. ఇంకా కిందికి. మట్టికి ఆనుకుని మొద్దు మాత్రం మిగిలింది. అదీ ఎండిందే.

"పోనివ్వండి అత్తయ్యగారూ," అన్నాను.

"పోనివ్వడానికి నువ్వెవరు, నేనెవరు?" అని మళ్ళీ నీళ్ళు పట్టడానికి వెళ్ళిపోయారు.

తొలకరి పడ్డాక ఒక ఉదయం పాపని ఎత్తుకుని మెట్ల మీద నిలబడ్డాను. మొద్దు పక్కన మట్టి చిట్లి ఉంది. అందులోంచి ఎర్రటి చిగురు, అగ్గిపుల్ల తలంత. అక్కడే కూర్చుండిపోయాను. పైన ఏమీ మిగలని మొక్క, అన్నాళ్ళు ఆ చీకట్లో ఏం చేస్తూ ఉండి ఉంటుంది? ఆకు లేదు, వెలుతురు లేదు, బతుకుతున్నానని ఎవరికీ చెప్పే దారి లేదు. మేం పైనుంచి నీళ్ళు పోస్తుంటే అది కింద వింటూ ఉందా?

కానీ నాకు ఇంకో భయం పట్టుకుంది. నర్సరీ అంటు గులాబీలు ఇలా అడుగునుంచి చిగురిస్తే అది వేరు కోసం వాడిన అడవి గులాబి అవుతుందనీ, అసలు పువ్వు ఇక రాదనీ పిన్నిగారు చెప్పారు. ఇది అంటు కాదు, కొమ్మ గుచ్చితే వచ్చింది, వేరు కూడా అమ్మదే అని నాకు తెలుసు. తెలిసినా నమ్మకం కలగలేదు. కొమ్మ సాగింది. ముళ్ళు వచ్చాయి. మొగ్గ కట్టింది. మొగ్గ ఆకుపచ్చ గుప్పిట విప్పేదాకా అది ఎవరి పువ్వో తెలియదు.

అది విచ్చుకుంది మంగళవారం నాడు. నేను కుళాయి దగ్గర ఉన్నాను. అత్తయ్యగారు పాపని ఎత్తుకుని తొట్టి దగ్గర నిలబడి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా," అన్నారు. లేత రంగు, వదులు రేకులు. నేను వంగేలోపు పాప రెండు రేకులు గుప్పిట పట్టి లాగి నోట్లో పెట్టేసుకుంది.

"అయ్యో, గొంతుకి అడ్డం పడుతుంది," అని నోట్లో వేలు పెట్టబోయాను.

"ఉండమ్మా. మనం ఎరువేశామా, మందు కొట్టామా? నేనూ తిన్నాను చిన్నప్పుడు," అన్నారు అత్తయ్యగారు.

పాప మొహం వింతగా పెట్టి, నమిలి, మింగి, నా వైపు చూసి నోరు తెరిచింది. నేను ఆ నోటి దగ్గర ముక్కు పెట్టాను. పాలవాసన. దాని వెనకే, తడిగుడ్డ విప్పినప్పటి వాసన.

"అదేనా?" అన్నారు అత్తయ్యగారు.

తల ఊపాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకున్నారు. పాప మిగిలిన రేకుల కోసం చెయ్యి చాపింది.