పెద్దనాయనా, ఆపు

మా పెద్ద సర్జన్ పోయాడన్న కబురు పొద్దున్నే ఆస్పత్రికి వచ్చిందట. నాకు మాత్రం మధ్యాహ్నం దాకా ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ ముగించి, రోగిని వార్డుకు పంపి, మాస్కు విప్పుతుంటే థియేటర్ సిస్టర్ దగ్గరకొచ్చి, "మేడమ్, పెద్దాయన లేడు. కల్లూరులో ఇంటికాడనే, నిద్దర్లోనే పోయినాడంట" అంది. ఇంతసేపూ ఎందుకు దాచావని కసిరాను. "మీ చేతిలో ఒక పానముండె కదా మేడమ్" అంది. ఆయన ఉంటే ఆమె వైపే మాట్లాడేవాడు.

నేను మత్తు డాక్టర్ని. మా కర్నూలులో కోసినాయన దేవుడు, కుట్టినాయన దేవుడు. మత్తు ఇచ్చింది ఎవరో రోగికి గుర్తుండదు. గుర్తుండకుండా చెయ్యడమే మా పని కనుక దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా సర్జన్ల మీద. రోగి తల దగ్గర కూర్చున్న మేం చెప్పే మాట, పొట్ట దగ్గర నిలబడ్డ వాళ్ళకు చేరడం గగనం. మధ్యలో ఉండేది ఒక్క గుడ్డ తెర. కొన్ని థియేటర్లలో ఆ తెర కొండారెడ్డి బురుజు గోడంత మందం.

ఈయనా శాంతమూర్తేమీ కాదు. అడిగిన కత్తెర అడిగిన క్షణంలో చేతిలో పడకపోతే తిట్లు మొదలయ్యేవి. వేసవి వస్తే బనగానపల్లె మామిడిపళ్ళు బుట్టతో తెచ్చేవాడు. కత్తి మాత్రం ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. "కోసేది నా పని, తినేది మీ పని" అంటూ అందరికీ తనే ముక్కలు పంచేవాడు. పొద్దున తిట్లు తిన్న నోటితోనే మధ్యాహ్నం మామిడిపండు తినేవాళ్ళం.

ఆయన అసలు సహించనిది ఒకటుంది, గాలికి చెప్పే మాట. నేను చేరిన కొత్తలో మానిటర్ వంక చూస్తూ "బీపీ తగ్గుతోంది" అన్నాను.

"ఎవురికి చెప్తాండావమ్మా, గోడకా?"

"మీకే సార్."

"ఈడ సార్లు శానామంది ఉండాము. పేరుపెట్టి పిలిచి చెప్పల్ల. విన్నోడు వింటినని అనల్ల. అంతవరకూ నువ్వు చెప్పినట్టు కాదు."

తండ్రి వయసు మనిషిని పేరుపెట్టి పిలవడానికి ఎవరికి నోరొస్తుంది? ఆ ఇబ్బంది ఆయనకూ తెలిసింది. మరుసటి వారం అందరికీ వరసలు పంచాడు. తను పెద్దనాయన, సిస్టర్ అక్క, చిన్న సర్జన్ అబ్బోడు, నేను పాప. "వరస కలిపితే నోరు దానంతటదే తిరుగుతాది" అన్నాడు. మిగతావాళ్ళు అలవాటు చేసుకున్నారు. నాకది చాదస్తంగా తోచి, సార్ అనే పిలుస్తూ వచ్చాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఓర్వకల్లు దగ్గర ట్రాక్టర్ బోల్తాపడి దాని కింద నలిగిన రైతును తెచ్చారు. కాలేయం చీలింది. పొట్ట తెరవగానే రక్తం ఎగదన్నింది. ఒక సంచి రక్తం ఎక్కుతోంది, మిగతావి బ్లడ్ బ్యాంకు నుంచి ఇంకా దారిలోనే ఉన్నాయి. పెద్దనాయన తల వంచుకుని, కారుతున్న రక్తనాళం కోసం వెతుకుతున్నాడు.

"సార్, బీపీ పడిపోతోంది" అన్నాను. రక్తం లాగే మిషన్ హోరులో ఎవరికీ వినపడలేదు.

"సార్, కొంచెం ఆగుతారా?"

"కనపడతాంది, ఒక్క కుట్టు" అంటున్నాడు అబ్బోడు. ఆ ఒక్క కుట్టు పడేలోపు గుండె ఆగిపోతుందని నాకు తెలుస్తూనే ఉంది. ఒంట్లో రక్తమే లేనప్పుడు ఎంత బాగా కుట్టి ఏం లాభం? లేచి, తెర మీదుగా వంగి అన్నాను.

"పెద్దనాయనా, ఆపు."

చేతులు ఆగిపోయాయి. "వింటి" అన్నాడు. గుడ్డలు కుక్కి, చీలిన చోటును రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు.

"పెద్దనాయనా, దొరికినట్టే ఉండాది..." అన్నాడు అబ్బోడు.

"గమ్మునుండు. పాప ఆపమనింది." తర్వాత నా వైపు తిరిగాడు. "ఏం కావల్ల?"

"రక్తం. నేను చెప్పేదాకా చెయ్యి తియ్యొద్దు."

"తియ్యను."

కళ్ళ ముందు పని ఉండగా సర్జన్ చేతులు కదలకుండా ఉండటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన నుదుటి మీద చెమటను సిస్టర్ తుడుస్తూనే ఉంది. సంచులు వచ్చాయి. "అక్కా, గట్టిగా పిండు" అన్నాను. "వింటి" అంది. మానిటర్ మీద అంకె లేవదు. "పెద్దనాయనా, ఇంకా లేదు." "వింటి." మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే జవాబు. ఆ జవాబు లేకపోతే ఆ రోజు నేను నిలబడగలిగేదాన్ని కాదు. చివరికి అంకె మెల్లగా కదిలింది, నిలిచింది.

"ఇప్పుడు కానీ."

ఆయన ఒక అంచున వేళ్ళు ఎత్తాడు. అబ్బోడు సూది అందించాడు.

ఆపరేషన్ అయ్యాక బయటికి వచ్చాం. రైతు భార్య ఆయన కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగాడు. "నాకు గాదమ్మా. నేను కోస్తాంటే నీ మొగుడు పోతాండె. ఈ పాప ఆపింది, బతికినాడు" అన్నాడు. ఆ అమ్మకేమీ అర్థం కాలేదు. ఇద్దరికీ కలిపి దండం పెట్టింది.

సిస్టర్ టీ తెచ్చింది. బెంచీ మీద కూర్చున్న ఆయన గ్లాసు అందుకోబోయాడు, చేత కాలేదు. వేళ్ళు వంగిపోయి, కొయ్యబారి, తెరుచుకోవడం లేదు. వాటి వంక చూసుకుని నవ్వాడు. "ఇవి ఇంకా నీ మాటే వింటాండాయి పాపా. తియ్యమని చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన పక్కన కూర్చుని, ఆ చేతుల్ని ఒళ్ళోకి తీసుకుని, ఒక్కొక్క వేలే మెల్లగా చాపుతూ పోయాను.