ఆయన మందు నేను తాగిన నలభై రోజులు

పెళ్లయిన ఏడో ఏట దబీర్‌పురాలో ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి మేమిద్దరమే వెళ్లాం. అప్పటికే ల్యాబ్ రిపోర్టులు చేతికొచ్చాయి. లోపం మా ఆయనలోనే ఉంది. అవి చూసి వైద్యుడు రెండు పొట్లాలు కట్టాడు. నాకు కషాయం కాచుకోవడానికి అశోక చెట్టు బెరడు. ఆయనకు పటికబెల్లం కలిపి దంచిన దూలగొండి గింజల పొడి, రోజూ పొద్దున పాలలో. నలభై రోజులు వాడి రమ్మన్నాడు.

ఉప్పుగూడలో ఇల్లు చేరకముందే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మకు చెప్పకు. రెండు మందులు నీకే అని చెప్త. పొడి సగం డబ్బాల పోసుకొని మన దుకాణంల తాగుత."

ఆయన నన్ను బతిమాలడం అదే మొదలు. బుద్ధి గడ్డి తిని సరేనన్నాను.

కషాయం కాచడం, పాలలో పొడి కలపడం అత్తమ్మే చూసుకుంది. నేను తాగేదాకా ఎదురుగా నిలబడేది. "ఈసారన్న కడుపు నిలవాలె," అనేది. నాకు ముప్పై ఏడేళ్లు. ఇంకెన్నాళ్లుందో అన్న భయంతో రెండు గ్లాసులూ ఖాళీ చేసేదాన్ని. సాయంత్రం ఆయనను అడిగితే, "తాగిన" అనేవాడు. నమ్మాను.

గడువు కాగానే అత్తమ్మ కూడా బయలుదేరింది. ఎక్కడ బయటపడుతుందోనని దారంతా భయపడుతూనే ఉన్నాను.

వైద్యుడు నా నాడి చూసి, ఆయన వైపు తిరిగాడు.

"నీ పొడి అయిపోయిందా?"

అత్తమ్మ తలెత్తింది.

"అయిపోయింది."

"గొంతు దిగిందా మంచిగ?"

"జర చేదుంది. గని రోజు తాగిన."

డబ్బా మూత కూడా తీయలేదు ఈ మనిషి.

"పాలల్ల కలిపేదేనా?" అత్తమ్మ మెల్లగా అడిగింది. "గ్లాసు అడుగున మిగిలింది నేను నాకి చూసిన. తియ్యగుంటది." తర్వాత వైద్యుణ్ణి అడిగింది. "గది నా కొడుకు మందా?"

"అవునమ్మా."

నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. అబద్ధం చెప్పినందుకు కాదు. నా నలభై రోజులు అంత తేలిగ్గా పారబోసినందుకు.

"ఇగ నుంచి తాగుత," అన్నాడాయన.

వైద్యుడు ఇంకో పొట్లం కట్టాడు. ఆయన చెయ్యి చాచాడు గానీ అత్తమ్మే అందుకొని నా ఒళ్లో పెట్టింది.

"నువ్వు చెప్పు బిడ్డా. వీనికి ఇయ్యాల్నా, వద్దా?"

ఇన్నేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు. బిడ్డ కావాలన్న ఆశ నాకింకా చావలేదు. ఈ మనిషితోనే కావాలా అని మాత్రం అప్పుడే మొదటిసారి అనుకున్నాను.