విరిగిన లాక్

ఖటోదరాలో పాత స్కూటర్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో నాకు పని నేర్పిన మేస్త్రీకి ఒక అలవాటుండేది. పిస్టన్ పిన్ను జారిపోకుండా పట్టే సన్నటి తీగ రింగును మేం లాక్ అంటాం. కొత్త లాక్ బిగించగానే ఆయన పాతదాన్ని ప్లయర్‌తో విరిచేసేవాడు.

"ఒక్కపారి వంగినదాన్ని నమ్మొద్దు. కండ్ల ముంగట ఉంటే మల్ల ఎయ్య బుద్ధయితది" అనేవాడు.

ఒకరోజు ఆయన లాక్ అందుకుంటుంటే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. భార్య పోయిందట. "ఆ, వస్తున్న" అని ఫోన్ పెట్టేశాడు. లాక్ బిగించాడు, ఇంకోటి విరిచాడు, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

బల్ల మీది ముక్కలు మెరుస్తున్నాయి. ఆయన విరిచింది కొత్త లాక్. పిస్టన్‌లో ఉన్నది నల్లబడ్డ పాతది. పాతది తీసి, డబ్బాలోంచి ఇంకో కొత్తది తెచ్చి వేశాను.

దినాలయ్యాక వచ్చాడు. సంచి కూడా దించకుండా అడిగాడు.

"ఆనాడు లాక్ మంచిగనే ఏసిన్నా?"

"మంచిగనే ఏసినవన్నా."

కాసేపు నా ముఖం చూశాడు. తర్వాత పనికి కూర్చుని, ఒక ఇంజన్‌కు కొత్త లాక్ బిగించాడు. పాతదాన్ని మాత్రం విరవలేదు. తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"జర నువ్వే చూసి విరువు" అన్నాడు.