పడిందా, పడేసినావా?

హిందూపురంలో గాజుల అంగడి దాదాపీర్‌కు ఒకటే పిచ్చి. ఈ లోకంలో ఏ వస్తువూ దానంతట అది కింద పడదని ఆయన గట్టి నమ్మకం. గ్లాసు గానీ, గరిటె గానీ, ఏది కింద పడ్డా ఎక్కడున్నవాడు అక్కడినుంచి వచ్చి మొదట అడిగే మాట ఒకటే: "పడిందా? పడేసినావా?"

"పడింది" అన్నారో, చచ్చారే! ఇక కోర్టు మొదలు. "ఎట్ల పడ్తాది? దానికి కాళ్లుండాయా? గాలొచ్చిందా? పిల్లొచ్చిందా? మరి ఎట్ల పడ్తాదబ్బా?" ఎదుటి మనిషి రెండు చేతులూ జోడించి "పడేసినా సామీ" అనేదాకా వదలడు. అన్నాక మాత్రం "అట్ల చెప్పు" అని లేచి పోతాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తడు.

ఒక వానాకాలం పక్కింటి రంగప్ప లబోదిబోమంటూ వచ్చాడు. "అన్నా, నా గోడ పడిపోయిండాది!"

"పడిందా, పడేసినావా?"

"నా గోడ నేనెందుకు పడేసుకుంటాన్నా? వాన పడింది, గోడ పడింది."

"వాన పడిందా?"

భార్య పీరాంబీకి ఒళ్లు మండిపోయింది. "వాన కూడా పడలేదులే. పైనోడు పడేసినాడు!"

"అట్ల చెప్పు" అని దాదాపీర్ తృప్తిగా తలూపి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, రంగప్పతో పాటు కొత్త గోడకు మట్టి తొక్కడానికి పోయాడు.

ఆయన్ని అనీ లాభం లేదు. గాజుల వ్యాపారమే అలాంటిది. తొడిగేటప్పుడు గాజు చిట్లితే అంగడివాడి నష్టం. ముంజేతికి ఎక్కాక చిట్లితే తొడుక్కున్నావిడది. ఎక్కిందా ఎక్కలేదా అన్న తగవులోనే ఆయన తల నెరిసింది. చెయ్యి చాపిన ప్రతి ఆడమనిషికీ ఒకటే చెబుతాడు: "చెయ్యి వదులు పెట్టమ్మా. భయపడి బిగబట్టినావంటే గాజు చిట్లుతాది."

పెనుకొండ నుంచి కొత్త కోడలుగా వచ్చిన అంజుమ్‌కు మామగారి పిచ్చి సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. వచ్చిన కొత్తలోనే అత్తగారి పింగాణీ జాడీ, నిండా ఊరగాయతో, చేతిలోంచి జారి ముక్కలైంది. దాదాపీర్ ప్రత్యక్షమయ్యాడు.

"పడింది మామా" అంది అంజుమ్.

ఆయన అలమర తట్టి చూశాడు. కిటికీ మూసి తెరిచాడు. పెరట్లో ఎండకు నిద్రపోతున్న పిల్లిని ఎత్తుకొచ్చి అలమర ముందు నిలబెట్టాడు. పిల్లి ఆవులించి వెళ్లిపోయింది. పిల్లి నిర్దోషి అని తేలిపోయాక ఇంకేం మిగిలింది? "నేనే పడేసినా మామా" అని అంజుమ్ బావురుమంది. "అట్ల చెప్పు" అన్నాడు. మరుసటి రోజు అంగడినుంచి వస్తూ చంకలో కొత్త జాడీ పెట్టుకొచ్చి, అలమరలో పెట్టాడు. కానీ అంజుమ్‌ మనసులో నిలిచిపోయింది కొత్త జాడీ కాదు, ఆ పాడు ప్రశ్న.

అంజుమ్‌ది బంగారం లాంటి పనితనం. పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేస్తుంది. ధర్మవరంలో చీరల వ్యాపారం చేసే శోభారాణి ఆ కుచ్చులు చూసి ముచ్చటపడిపోయింది. "పెండ్లిచీరలన్నీ నీకే ఇస్తా పాపా. రకానికొక ఫోటో తీసి పంపల్ల, పెండ్లోళ్లు చూసి ఎంచుకుంటారు. మంచి ఫోను కొనుక్కో." ఇంట్లో ఉన్నది పీరాంబీ బటన్ ఫోను. భర్త రహీమ్ ఫోను అతనితో పాటే పెనుకొండ కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోతుంది. దాంతో మామాకోడళ్లు దేవేంద్ర సెల్ షాపుకు బయల్దేరారు.

ఫోను ఎంచుకోవడం చిటికెలో అయిపోయింది. అప్పుడు దేవేంద్ర అడగకూడని మనిషిని అడగకూడని మాట అడిగాడు. "అన్నా, కంపెనీ వారంటీ ఏడాది ఉంటాది. ఇంకో ఏడాది పొడిగించుకుంటావా, ఇన్సూరెన్స్ తీసుకుంటావా?"

"రెండిటికీ తేడా ఏందప్పా?"

"ఫోను దానంతట అది చెడిపోతే వారంటీ. కింద పడితే ఇన్సూరెన్స్."

"పడితేనా? పడేస్తేనా?"

అంజుమ్ కళ్లు మూసుకుంది. టీ వచ్చింది, గ్లాసులు వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. వెనక నిల్చున్న బేరాలు వేరే షాపులు వెతుక్కున్నాయి. దేవేంద్ర చొక్కా తడిసిపోయింది. "జారినా, నీళ్లల్లో పడినా, బండి ఎక్కినా ఇన్సూరెన్సే చూసుకుంటాదన్నా, నన్నొదిలిపెట్టు!" అని అతను చేతులెత్తేశాక దాదాపీర్ తీర్పు చెప్పాడు. "పొడిగింపు వద్దు. కంపెనీ ఇచ్చిన ఏడాది చాలు. ఇన్సూరెన్సే రాయి. మా పాప పడేస్తాది."

షాపులో అందరూ నవ్వారు. అంజుమ్‌కు తల కొట్టేసినట్టయింది. "నా చేతిమీద మామకు అంత నమ్మకం లేదా అత్తా? చూస్తాండు, ఈ ఫోను ఎట్ల పడ్తాదో!" అని ఇంటికొచ్చి పంతం పట్టింది.

ఆ పంతం ధర్మవరం బస్సులో తీరిపోయింది. శోభారాణి దగ్గర చీరల మూట తీసుకుని తిరిగొస్తూ, తలుపు పక్క సీట్లో కూర్చుని, ఒళ్లో మూట, మూట మీద ఫోను పెట్టుకుంది. పట్టుమీద ఫోను నిలుస్తుందా? పెనుకొండ బస్టాండులో డ్రైవరు బ్రేకు వేయగానే సర్రున జారి, మెట్ల మీదుగా నేలను తాకింది. తెర నల్లబడిపోయింది. "వచ్చే వారం పెండ్లోళ్లు వస్తారు. ఫోటోలు రాకుంటే పని ఇంకొకరికి పోతాది పాపా" అని శోభారాణి చెప్పి రెండు గంటలు కూడా కాలేదు. తన పేరు మీద వచ్చిన మొదటి పని అది.

గడపలోనే దాదాపీర్ కనిపించాడు. ఆయన నోరు తెరవకముందే అంజుమ్ చెప్పేసింది. "నేనే పడేసినా మామా."

"అట్ల చెప్పు. ఇన్సూరెన్సోళ్లకు ఫోన్ చెయ్."

పీరాంబీ బటన్ ఫోనులో స్పీకరు పెట్టారు. అవతల ఒక అమ్మాయి, ఎక్కడిదో గానీ మహా నాజూకు తెలుగు. "చెప్పండి మేడమ్, ఫోన్ ఎలా డ్యామేజ్ అయింది?"

"నేనే పడేసినా మేడమ్."

"మీరే పడేశారా? కావాలనా?"

"ఔను మేడమ్, నేనే. దానంతట అది ఎట్ల పడ్తాది?"

"సారీ మేడమ్. కావాలని పడేస్తే ఇన్సూరెన్స్ వర్తించదు."

ఆ ఇంట్లో పడేయడమంటే చెయ్యి జారడం. ఆ పిల్ల ఊళ్లో పడేయడమంటే విసిరికొట్టడం కాబోలు! దాదాపీర్ ఫోను లాక్కున్నాడు.

"అమ్మా, ఆ పాపది తప్పు కాదు, ఆ మాట నేర్పింది నేను, నాది తప్పు. మా ఇంట్లో గ్లాసు జారినా పడేసినామనే అంటారు. గోడ పడినా అంతే. ఒకసారి పిల్లిని కూడా..."

"సార్, సార్! ఒక్క ముక్కలో చెప్పండి. పడిందా? పడేశారా?"

పాపం, ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న అడగడమే గానీ, జవాబు చెప్పే గతి దాదాపీర్‌కు ఎప్పుడూ పట్టలేదు.

"పడింది తల్లీ" అన్నాడు. "పట్టుచీర మీదనుంచి జారింది. దానంతట అదే పడింది."

"థ్యాంక్యూ సార్. రేపు హిందూపురం సెంటర్లో ఇచ్చేయండి. రెండు మూడు రోజుల్లో బాగుచేసి ఇస్తారు."

పీరాంబీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. "పెండ్లయినప్పటినుంచి ఈ మాట కోసమే బతికుండా!"

అంజుమ్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నన్ను నమ్మకనే కదా మామా ఇన్సూరెన్స్ రాయించింది?"

"పిచ్చి పాపా! ఫోనుది తప్పయితే కంపెనీ ఉండాది. మనిషి చెయ్యి జారితే ఎవరుండారు? భయపడి బిగబట్టిన చేతిలో గాజే నిలవదు, ఫోను నిలుస్తాదా? నువ్వు చెయ్యి వదులుగా పెట్టుకుని పని చేసుకోవల్లని రాయించినా."

"మరి పడిందా, పడేసినావా అని అందరి ప్రాణం తీస్తావెందుకు?"

"తప్పు ఒప్పుకున్నోళ్లను తిట్టకూడదు కదమ్మా. ఒప్పుకుంటే ఇంగ తిట్టే పనే ఉండదు. అందుకే తొందరగా ఒప్పించేస్తా" అంటూ దాదాపీర్ సిగ్గుపడి, ముఖం తిప్పుకుని, టీ గ్లాసు అందుకోబోయాడు. మోచెయ్యి తగిలింది. గ్లాసు కింద పడి భళ్లుమంది.

పీరాంబీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పడిందా? పడేసినావా?"

దాదాపీర్ గాలికోసం కిటికీ వైపు చూశాడు. పిల్లికోసం పెరటి వైపు చూశాడు. చివరికి కోడలి వైపు చూసి తల దించుకున్నాడు.

"పడేసినా."

"అట్ల చెప్పు మామా" అంది అంజుమ్. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లి, ఇంకో గ్లాసులో టీ పోసుకొచ్చి ఆయన చేతికిచ్చింది.