సముద్రం ఒడ్డున వంట

సముద్రం చూడటానికి బస్సు మాట్లాడానని మా బావ, అంటే మా ఆయన అన్న, చెప్పినప్పుడు నిజంగానే సంతోషించాను. పసుపు సీజన్ అయిపోయి ఆర్మూర్ మార్కెట్ యార్డులోని మా కమీషన్ దుకాణం ఖాళీగా ఉంది. రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే బాపట్ల దగ్గర సముద్రానికి చేరడం, సాయంత్రం తిరిగి బయలుదేరడం. బావ, నేను అక్కా అని పిలిచే ఆయన భార్య, నేను, మా ఆయన, పిల్లలు, అత్తమ్మ. బావ దోస్తులు కూడా వచ్చారు, భార్యలను ఇంట్లో ఉంచి. నేనూ అత్తమ్మా సముద్రం ఎన్నడూ చూసినవాళ్లం కాదు.

వానాకాలం కదా, ఒడ్డు మీద జనం లేరు. హోటళ్లన్నీ మూసి ఉన్నాయి. బస్సు వెనక డిక్కీ తెరిస్తే గ్యాస్ పొయ్యి, సిలిండరు, గుండిగలు, బియ్యం మూట బయటపడ్డాయి. హోటళ్లు ఉండవని బావ ముందే ఫోన్ చేసి కనుక్కున్నాడట. అక్కకు మాత్రం చెప్పి, నాకు చెప్పొద్దన్నాడట. బయటి తిండి అమ్మకు పడదని ఆయన అందరి ముందూ అంటుంటే అత్తమ్మ తల దించుకుంది.

మూసేసిన ఒక హోటల్ రేకుల కింద పొయ్యి పెట్టాం. మొదట ఉప్మా, ఆ తర్వాత టీలు. మగవాళ్లు పిల్లలతో కలిసి నీళ్లలోకి పోయారు. మేము అన్నం, పప్పు, వంకాయ కూర వండాం. వాళ్లు తడి బట్టలతో వచ్చి తిని, మిరపకాయ బజ్జీలు ఉంటే బాగుండేదన్నారు. అక్క మారుమాట లేకుండా పిండి కలిపింది. అత్తమ్మ గోడవైపు తిరిగి ఉల్లిగడ్డలు కోసింది. బస్సుకూ గోడకూ మధ్య సన్నటి సందులోంచి సముద్రం ఒక చీరకొంగంత కనిపించేది. హోరు మాత్రం పొద్దంతా వినిపించింది. నూనె చిట్లి చెయ్యి కాలినా ఎవరితోనూ అనలేదు. అంటే ఏడుపొచ్చేది, ఏడవడం నాకు ఇష్టం లేదు.

గిన్నెలు కడిగి ముగించేసరికి బావ అందరినీ బస్సెక్కమన్నాడు. మేము ఇంకా నీళ్ల దగ్గరికే పోలేదన్నాను.

"గీడికెళ్లి కనవడ్తలేదా?" అన్నాడు బావ, నిలబడ్డ చోటి నుంచే సముద్రం వైపు చెయ్యి చూపి.

ఒళ్లంతా భగ్గుమంది. అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"లొల్లెందుకు బిడ్డా," అంది ఆమె.

"మీరు చూసిండ్రా అత్తమ్మా?"

ఆమె చీర కాస్త పైకి దోపుకుని నాతో నడిచింది. అక్క చేతిలోని గిన్నె కింద పెట్టి మా వెనకే వచ్చింది. ముగ్గురం మోకాళ్ల లోతులో నిలబడ్డాం. వెనక బస్సు హారన్ మోగుతూనే ఉంది. ప్రతి అలకూ అత్తమ్మ నా భుజం గట్టిగా పట్టుకునేది, కానీ ఒడ్డుకు పోదామనలేదు.

చివరికి బావే తడి ఇసుక దాకా వచ్చి, చీకటి పడుతోందని, అందరూ తమాషా చూస్తున్నారని కేకలేశాడు. అత్తమ్మ వెనక్కి తిరిగింది. గొంతు పెంచలేదు.

"జర ఆగు. పొద్దటిసంది మీకు వండిపెట్టినం. గిప్పుడు మేం చూస్తున్నం."

బావ వెనక్కిపోయాడు. హారన్ కూడా ఆగింది. మేము బస్సెక్కే దాకా ఎవరూ పిలవలేదు.

దారిలో మా ఆయన, నలుగురి ముందు అన్న పరువు తీశానని మెల్లగా గొణిగాడు. పొద్దంతా నీళ్లలో ఆడి ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరొక్కసారన్న మమ్మల్ని నీళ్లల్లకు రమ్మన్నరా?" అని అడిగాను. కిటికీ వైపు తిరిగి నిద్ర నటించాడు.

ఆర్మూర్ చేరాక, ఆడవాళ్లకు సముద్రం చూపించుకొచ్చానని బావ యార్డులో అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే అదే మాట చెప్తాడు. నేను టీ అందిస్తూ, సముద్రం ఒడ్డున వండి వచ్చామని సరిదిద్దుతాను. వచ్చినవాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.