గురువారం అమ్మ

ఆ వీధిలో ఎవరినడిగినా ముందు చెప్పే మాట ఒకటే. అమ్మకి మహిమ గురువారం నాడే వస్తుందట. తెల్లవారుజామున దేవుడు ఆవిడ కుడిచేతిలోకి దిగుతాడట, పొద్దుగూకేసరికి వెళ్ళిపోతాడట. మిగతా ఆరు రోజులూ అది మన చేతుల్లాంటి చెయ్యేనట. బడ్డీకొట్టు పెద్దాయన ఇంకో మెట్టు పైకెక్కి, "దేవుడు కలలోకొచ్చి వారానికి ఒక్కరోజే ఇస్తానన్నాడు. ఆవిడ రెండు రోజులివ్వమని బేరమాడింది. ససేమిరా అన్నాడు" అని, పక్కన నిలబడి విన్నవాడిలా చెప్పేవాడు.

అమ్మ కోడలు కాపురానికొచ్చేనాటికే గుమ్మం పక్కన మేకుకి అట్టముక్క వేలాడుతోంది: "దర్శనం గురువారం మాత్రమే." ఎందుకని ఆమె అడగలేదు. పదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయిన పిల్ల. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాలుక పిడచకట్టుకుపోయేది. ముందు గదిలో జాకెట్లు కుడుతూ, తల దించుకునే వచ్చేపోయేవాళ్ళందర్నీ చూసేది. భర్త లారీ ఎక్కాడంటే పది రోజులకు గాని ఇల్లు చేరడు. ఇంట్లో ఉండేది అత్తా, తనూ.

అత్త ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసిన మనిషి. దుప్పట్లు ఉడకబెట్టడం, పిండడం, ఆరేయడం, మడతపెట్టడం. బ్లీచింగు పొడికి వేళ్ళ చివర్లు అరిగి నున్నబడ్డాయి. వేలిముద్ర వేస్తే కాగితం మీద మరక పడుతుందే గాని గీత పడదు. దానికీ వీధి ఒక కథ కట్టింది: దేవుడు ఆవిడ పాత రాత తుడిచేసి కొత్తది రాశాడని.

అసలు సంగతి మొదలైంది పక్కింట్లో. వడ్రంగి భార్యకి పురిట్లోనే బిడ్డ పోయింది. తొమ్మిది రోజులు ఆమె కంటిమీద కునుకు లేదు. అప్పటికి మొగుడు పోయి ఏడాదైన అత్త వెళ్ళి, గోడకు చేరగిలబడి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, నుదుటిమీద చెయ్యేసి "నారాయణ, నారాయణ" అనుకుంటూ కూర్చుంది. ఒక్క ఓదార్పు మాట అనలేదు. మధ్యాహ్నానికి వడ్రంగి భార్య గురకపెట్టింది. అత్త కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయినా సాయంత్రందాకా కదల్లేదు.

ఆ మరుసటి వారం నుంచి జనం. విభూతి ఇమ్మన్నారు, ఇచ్చింది. అమ్మా అన్నారు, పలికింది. పళ్ళు తెస్తే తిరిగి వాళ్ళ పిల్లల చేతుల్లోనే పెట్టేది. ఎవరైనా కాళ్ళమీద పడబోతే కాళ్ళు వెనక్కి లాక్కుని, "లే నాయనా, నడుం పట్టేస్తుంది. అది నయం చెయ్యడం నాకు రాదు" అనేది.

నిజంగానే ఆవిడ ఏనాడూ లేనిది ఉందని చెప్పుకోలేదు. "నా చేతికి నిద్ర ఒక్కటే వచ్చు. మనసు బాధైతే నా దగ్గరికి రండి, ఒంటి బాధైతే ఆసుపత్రికి పొండి" అని కుండబద్దలు కొట్టేది. వెళ్ళనని మొరాయించేవాళ్ళ మందుల పొట్లానికి విభూతి రాసి, "ఇవి మధ్యలో మానేశావంటే నామీద ఒట్టే" అనేది. డాక్టరు మాట పెడచెవిన పెట్టినవాళ్ళు కూడా ఆ ఒట్టుకి జడిసి ఆఖరి మాత్రదాకా మింగేవారు.

ఒక సోమవారం పొద్దున్న, గోడలకు రంగులేసే అతని భార్య నాలుగేళ్ళ పాపను భుజాన వేసుకుని వచ్చింది.

"అమ్మ ఉందా?"

అత్త పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కోడలు మిషను తొక్కడం ఆపకుండా, నోటికి అలవాటైన ఆ రెండు మాటలే అంది: "గురువారం రండి."

"జ్వరం..." అని ఆమె నసిగి, అట్టవైపు చూసింది. "సర్లే, గురువారమే తెస్తా. మామూలు రోజున చెయ్యేయిస్తే ఉన్న ఫలితం కూడా పోతుందంది మా అత్త."

ఆమె వెనుదిరిగినప్పుడు కోడలు పాప ముఖం చూసింది. ఎండ తగలగానే కళ్ళు గట్టిగా మూసుకుని తల్లి మెడలో ముఖం దాచుకుంది పాప. ఎందుకో అది కోడలికి బాగా అనిపించలేదు. పిలుద్దామనుకుంది. మళ్ళీ మిషను తొక్కింది.

గురువారం ముప్పైమంది వచ్చారు. రంగులతని భార్య ముందే వచ్చి కూర్చుంది. అత్త పాపను ఒళ్ళోకి తీసుకుని తల ఎత్తబోయింది. మెడ వంగలేదు, కట్టెలా ఉంది.

"ఎన్నాళ్ళయిందే ఇలా?"

"సోమవారం నుంచమ్మా. మీ రోజు కోసం ఆగాం."

అత్త పాపను భుజాన వేసుకుని లేచింది.

"చెయ్యి వెయ్యమ్మా తల్లీ!" అన్నారు వెనకనుంచి.

"చెయ్యి కాదర్రా, ఇప్పుడు కాళ్ళు కావాలి! ఎవరక్కడ, ఆటో పిలవండి!"

ఆసుపత్రి పెద్దగేటు దగ్గర బండ్లు ఇరుక్కుని ఉన్నాయి. అత్త ఆటోను వెనకవైపు లాండ్రీ గేటుకి తిప్పించింది. అక్కడ దుప్పట్ల తోపుడుబండి ఉంటే పాపను ఆ ఉతికిన దుప్పట్లమీదే పడుకోబెట్టి తోసింది.

"ఆగు పెద్దమ్మా, అది ఆసుపత్రి బండి!" అని కాపలావాడు అడ్డొచ్చాడు.

"నువ్వు పుట్టకముందు నుంచి తోస్తున్నా దీన్ని. తప్పుకో!"

వెనకాల పాప తల్లీ, అత్త చెప్పులు చేత్తో పట్టుకుని కోడలూ పరుగెత్తారు.

"మెదడు పొరలకు వాపు. ఇంకో పూట ఆగుంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడైనా రెండు రోజులు గడవాలి" అన్నాడు డాక్టరు.

వరండాలో బెంచీమీద కోడలు తన కాళ్ళు తనే చూసుకుంటూ అంది: "అత్తయ్యా, సోమవారం వాళ్ళొచ్చారు. నేనే గురువారం రమ్మన్నా."

"నన్ను పిలవలేదేమే?"

"గురువారం కాదుగా."

"గురువారం కాకపోతే నేను చచ్చిపోయానటే? నీకెవరు చెప్పారా మాట?"

"అట్టమీద మీరే రాయించారుగా."

అత్త కోడలి చేతిలోని చెప్పులు తీసుకుని తొడుక్కుంటూ, "తప్పు నీది కాదు" అంది. కోడలికి అప్పుడొచ్చింది ఏడుపు.

మూడో రోజున పాప కళ్ళు తెరిచి, "మంచినీళ్ళు" అంది. ఆ మాట వినేదాకా అత్తాకోడళ్ళు వంతులవారీగా వార్డు ముందే కూర్చున్నారు. ఇంటికొచ్చిన అత్త గడప దాటకముందే అట్ట లాగి ముక్కలు చేసింది.

ఆదివారానికల్లా వీధికి కొత్త కబురు దొరికింది. పిల్లను యముడి చేతిలోంచి లాక్కొచ్చినందుకు దేవుడు మెచ్చి మిగతా ఆరు రోజులు కూడా రాసిచ్చేశాడట. "ఇక పర్మినెంటు" అని బడ్డీకొట్టు పెద్దాయన ప్రకటించాడు.

చీర తగిలి చిరుగుతోందని అత్త గుమ్మం పక్కన మిగిలిన మేకుని పీకుతోంది. కోడలు మిషను ఆపింది. ఇన్నాళ్ళూ అడగని మాట అడిగింది.

"అత్తయ్యా, అసలు గురువారమే అని ఎందుకు పెట్టారు?"

అత్త వింతగా చూసింది. "ఎందుకేమిటే? లాండ్రీలో నా సెలవు గురువారం. మిగతా రోజులు డ్యూటీ."

"మీరు రిటైరయి ఎనిమిదేళ్ళయిందిగా?"

"అయింది" అంది అత్త, మేకుని అటూ ఇటూ కదుపుతూ. "ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు."